ఒక ఉత్తరం, ఒక రికార్డు

1963 డిసెంబరులో అమెరికాలోని మేరీలాండ్‌లో ఓ 15 ఏళ్ల అమ్మాయి టీవీ వార్తల్లో ఇంగ్లండ్‌కు చెందిన నలుగురు పాటగాళ్ల బృందం బీటిల్స్‌ను చూసింది. వీళ్ల పాటలు మన దగ్గర ఎందుకు వినిపించవంటూ వాషింగ్టన్‌లోని డబ్ల్యూడబ్ల్యూడీసీ రేడియోకు ఉత్తరం రాసింది. అక్కడి అనౌన్సర్ కారల్ జేమ్స్ దాన్ని పక్కన పడేయలేదు. ఇంగ్లండ్ నుంచి వచ్చే విమానంలో పనిచేసే ఎయిర్ హోస్టెస్ చేత వాళ్ల రికార్డు తెప్పించాడు. డిసెంబరు 17న ఆ పిల్లనే స్టూడియోకి పిలిచి, ఆమె నోటితోనే పాటను పరిచయం చేయించాడు. ఇక ఫోన్లు ఆగితే ఒట్టు! అమెరికాలో జనవరిలో రావలసిన ఆ పాట రికార్డును క్యాపిటల్ రికార్డుల కంపెనీ ఆగమేఘాల మీద డిసెంబరు 26నే బజారులోకి వదిలింది. మొదట ప్రసారం ఆపమన్నదీ ఆ కంపెనీయే లెండి. ఫిబ్రవరిలో టీవీలో ఎడ్ సలివన్ షోలో ఆ నలుగురినీ 7 కోట్లమందికి పైగా చూశారు. రేడియోవాళ్లం కదా, నాకు మాత్రం కవరు విప్పి చదివిన జేమ్స్ మీదే ఎక్కువ ఇష్టం.