చూశానని పెట్టిన సంతకం

నా ఉద్యోగమేమిటో మా అమ్మకి అర్థమయ్యేలా చెప్పడం నాకు ఇన్నేళ్ళుగా చేతకాలేదు. తెనాలిలో పక్కింటావిడ అడిగితే "మా అమ్మాయి బెంగళూరులో బస్సు డ్రైవర్లని చెక్ చేస్తుంది" అంటుంది. నవ్వొస్తుంది కానీ పూర్తిగా తప్పనీ అనలేను. నేను చూసేది బస్‌నే, డ్రైవర్‌నే. కాకపోతే ఆ బస్ కారు లోపల ఒకదానికొకటి మెలివేసుకుని ఉండే రెండు తీగలు. ఆ డ్రైవర్ స్టీరింగ్ పట్టుకునే మనిషి కాదు. ఆ తీగల మీద మాట్లాడే చిప్‌కీ, లినక్స్ కెర్నల్‌కీ మధ్య దుబాసీ పని చేసే కొన్ని వందల లైన్ల కోడ్. ఎవరో రాసిన ఆ కోడ్ చదివి, ఎక్కడ బాగుందో ఎక్కడ బాగాలేదో చెప్పి, చివరికి దాని కింద నా పేరు పెట్టడం నా పని.

ఆ పేరు పెట్టడం గురించే ఈ నాలుగు మాటలు. ఇంకొకరి పని కింద "నేను చూశాను" అని సంతకం చేసినప్పుడు నేను ఎవరికి మాట ఇస్తున్నట్టు? రాసిన మనిషికా? ఆ కారులో కూర్చోబోయే, నాకెన్నడూ తెలియబోని మనుషులకా?

ముందు ఆ తీగల సంగతి కొంచెం చెప్పాలి. క్యాన్ బస్ అనే ఈ పద్ధతి మీద జర్మనీలోని బాష్ కంపెనీ 1983లో పని మొదలుపెట్టి, 1986లో డెట్రాయిట్‌లో లోకానికి చూపించింది. బ్రేకులు, ఇంజను, తలుపులు, డాష్‌బోర్డు, ఒక్కోదానికీ ఒక్కో చిన్న కంప్యూటరు ఉంటుంది. అవన్నీ ఈ రెండు తీగల మీదే మాట్లాడుకుంటాయి. మొదట వచ్చిన పద్ధతిలో ఒక్కో మాటలో ఎనిమిది బైట్లకి మించి సమాచారం పట్టదు. ఆ మాట మీద పంపినవాళ్ళ చిరునామా ఉండదు, అందుకోవాల్సినవాళ్ళదీ ఉండదు. ఒకరు మాట్లాడితే అందరూ వింటారు, ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుంటారు. ప్రతి మాట చివరా పంపినవాడు ఒక బిట్ చోటు ఖాళీగా వదులుతాడు. తప్పు లేకుండా విన్న ఏ కంప్యూటరైనా ఆ చోటు నింపవచ్చు. నిండితే చాలు, పంపినవాడు నిశ్చింత పడతాడు. కానీ అతనికి తెలిసింది ఎవరో ఒకరు విన్నారని మాత్రమే. వినాల్సినవాళ్ళు విన్నారో లేదో, విన్నది పట్టించుకున్నారో లేదో ఆ బిట్ చెప్పదు.

ఇందులో ఇంకో ఏర్పాటు ఉంది. ప్రతి కంప్యూటరూ తన తప్పుల్ని తానే లెక్కపెట్టుకుంటుంది. పంపడంలో ఒక పొరపాటు జరిగితే లెక్క ఎనిమిది పెరుగుతుంది. ఒక మాట సరిగ్గా వెళితే ఒకటి తగ్గుతుంది. లెక్క 127 దాటితే గొంతు తగ్గించుకోవాలి. 255 దాటితే బస్ నుంచి తనంతట తానే తప్పుకోవాలి. దాన్ని బస్-ఆఫ్ అంటారు. మొదటిసారి ఇది చదివినప్పుడు, ఆఫీసులో ఆడ ఇంజనీర్ల లెక్క కూడా ఇదే కదా అనుకున్నాను. తప్పుకి ఎనిమిది, ఒప్పుకి ఒకటి. గొంతు తగ్గించుకోవడమూ, తప్పుకోవడమూ ఎవరూ చెప్పకుండానే మనకి వచ్చేస్తాయి.

లినక్స్‌లోకి ఈ క్యాన్ వ్యవస్థ 2008లో చేరింది. అంతకు ముందు నుంచే కెర్నల్ లోకంలో ప్రతి మార్పు కిందా సంతకాలు పెట్టే ఆచారం ఉంది. రాసినవాళ్ళది ఒక సంతకం. "సరే, నాకు అభ్యంతరం లేదు" అనేవాళ్ళది ఇంకో రకం. దానికి మొత్తం చదివి ఉండాలన్న నియమం లేదు. "రివ్యూ చేశాను" అన్నది మూడోది, బరువైనది. అన్ని పరిస్థితుల్లోనూ పనిచేస్తుందని హామీ ఇవ్వకపోయినా, పరిశీలించాను, నా సందేహాలు రాసినవాళ్ళకి చెప్పాను, ఇది సరైనదని నమ్ముతున్నాను అని దానర్థం. మా కంపెనీలో కూడా అదే పద్ధతి.

నాలుగేళ్ళ క్రితం మా టీములోకి కడప నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మొదటి డ్రైవర్ రాసి నాకు పంపింది, దాదాపు తొమ్మిది వందల లైన్లు. నా మొదటి ప్యాచ్ గుర్తొచ్చింది నాకు. అప్పటి నా సీనియర్ దాని కింద "ఇది చదివే ఓపిక నాకు లేదు" అని ఒకే ఒక్క లైను రాశాడు. నేను బాత్రూములోకి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను. ఇంకో ఆడపిల్లకి నా చేతుల మీదుగా ఆ గతి పట్టకూడదని ఆ రోజే అనుకున్నాను.

మాట పంపే దారి, అందుకునే దారి శ్రద్ధగా చదివాను. బాగా రాసింది. బస్-ఆఫ్ తర్వాత మళ్ళీ బస్‌లో చేరే భాగం దగ్గర ఒక సందేహం వచ్చింది. తప్పుకున్నప్పుడు పంపాల్సిన మాటల వరసని ఆపేస్తాం. తిరిగి చేరాక ఆ వరసని ఎక్కడ తెరుస్తోంది? పైపొర ఏదో చూసుకుంటుందిలే అనుకున్నాను. వెతికి చూడలేదు, ఆమెని అడగలేదు. పేర్ల గురించి, ఖాళీల గురించి మూడు చిన్న కామెంట్లు రాసి, "బాగా చేశావు" అని మెచ్చుకుని, సంతకం పెట్టాను. దయ ఒక్కటే కారణమని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. మగవాడు గట్టిగా అడిగితే అది ప్రమాణం, నేను అడిగితే నస. ఆ పేరంటే భయం కూడా ఉంది.

మూడు వారాల తర్వాత పరీక్షల గదిలో కావాలనే ఆ రెండు తీగల్ని కలిపి, కాసేపాగి విడదీశారు. మా పెట్టె బస్ నుంచి తప్పుకుంది, మళ్ళీ చేరింది. అందరి మాటలూ వింటోంది. తాను మాత్రం ఒక్క మాటా పంపడం లేదు. వరస తెరవడం మర్చిపోయాం. అది బల్ల మీద పెట్టెలోనే జరిగింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. రోడ్డు మీద జరిగి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ అప్పుడప్పుడూ నిద్ర లేపుతుంది.

మీటింగులో "ఇది ఎవరు రాశారు?" అన్నారు. అందరూ ఆ అమ్మాయి వైపు చూశారు. "ఎవరు చూశారు?" అని ఎవరూ అడగలేదు. దాని కింద నా పేరుంది. మీటింగు అయ్యేదాకా నేను వింటూ కూర్చున్నాను, ఒక్క మాటా మాట్లాడలేదు.

ఆ సాయంత్రం, ఆ భాగం చూసి కూడా వదిలేసింది నేనేనని అందరికీ మెయిల్ రాశాను. తర్వాత ఆమె దగ్గరికి వెళ్ళి నా సందేహం సంగతీ చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది: "మీటింగులో ఊరుకున్నందుకు కాదక్కా. మీకు అనుమానం వచ్చి కూడా నన్ను అడగలేదే, అందుకు బాధగా ఉంది. పోయిన నెల ఆ అబ్బాయి ప్యాచ్‌కి ఇరవై కామెంట్లు పెట్టారు. నాకు మూడే పెట్టారు."

ఆ లెక్క నేను వేసుకోలేదు. అతను తట్టుకోగలడనుకున్నాను, ఈమె తట్టుకోలేదనుకున్నాను. ఆడవాళ్ళకి ఈ పని కష్టమని నా సీనియర్ మొహం మీద చెప్పాడు. నేను అదే మాట తీపి పూసి చెప్పాను. అతని మాట మీద నాకు కోపమన్నా వచ్చింది. నా మెప్పు మీద ఆమెకి కోపం తెచ్చుకునే వీలు కూడా లేదు.

సంరక్షణని నీతిగా చూడటం మనకి కొత్త కాదు. 1982లో కెరోల్ గిలిగన్ పుస్తకం వచ్చినప్పటి నుంచీ దాని గురించి వాదించుకుంటూనే ఉన్నాం. ఆడవాళ్ళ నెత్తిన మళ్ళీ ఆ బరువే పెడుతున్నారన్న విమర్శా సరైనదే. కానీ 1993లో జోన్ ట్రాంటో సంరక్షణకి చెప్పిన నాలుగు లక్షణాల్లో శ్రద్ధ, బాధ్యత, ఎదుటివారి స్పందనని పట్టించుకోవడంతో పాటు సామర్థ్యం కూడా ఉంది. పని సరిగ్గా చేయకుండా ప్రేమ ఉందంటే చాలదు. ఇది ఇంట్లో మనకి బాగా తెలుసు. ప్రేమ ఎక్కువని పిల్లకి మందు రెండు చెంచాలు ఎక్కువ పొయ్యం. కళ్ళజోడు వెతుక్కుని, సీసా మీద రాసింది చదివి పోస్తాం. రాత్రి పడుకునే ముందు గ్యాస్ కట్టేశామో లేదో లేచి వెళ్ళి చూస్తాం. అన్నీ బాగున్నప్పుడు ఎవరికీ కనిపించని పని అది. కోడ్‌లో తప్పు జరిగినప్పుడు మాత్రమే నడిచే దారిని చదవడం కూడా అలాంటిదే. అలాంటి పని ఇంట్లో వదలని దాన్ని, ఆఫీసులో సంతకం పెట్టి మరీ వదిలేశాను.

2018 సెప్టెంబరులో లీనస్ టోర్వాల్డ్స్ తన దురుసు మాటలకి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. అప్పుడే కెర్నల్ సమాజం కొత్త ప్రవర్తనా నియమావళి పెట్టుకుంది. మర్యాద పెరిగితే నాణ్యత పడిపోతుందని కొందరు గొడవ చేశారు. కఠినంగా చదవడమూ, కఠినంగా మాట్లాడటమూ ఒకటేనని వాళ్ళ నమ్మకం. నేను వాళ్ళకి ఎదురుపక్క నిలబడ్డానని అనుకున్నాను కానీ, నేను నమ్మిందీ అదే. మాట మెత్తగా ఉండాలంటే చదవడమూ మెత్తగా ఉండాలనుకున్నాను.

ఇప్పుడు సంతకం పెట్టే ముందు ఏం చదివానో, ఏం చదవలేదో రాస్తాను. "తప్పుల దారి మొత్తం చదివాను. నిద్ర నుంచి లేచే భాగం చదవలేదు, అది తెలిసినవాళ్ళు చూడాలి" అని. దీనివల్ల పని నెమ్మదిస్తుంది. ఆ నస అన్న పేరూ వచ్చింది. వస్తుందనుకున్నంత బాధ మాత్రం రాలేదు.

పోయిన నెల నేను రాసిన డ్రైవర్‌ని ఆ అమ్మాయి రివ్యూ చేసింది. ఇరవై రెండు కామెంట్లు. పద్నాలుగోది ఇలా ఉంది: "అక్కా, ఈ అడుగు విఫలమైతే చిప్ క్లాక్ ఆపకుండానే బయటికి వస్తున్నారు. కావాలనే వదిలారా, మర్చిపోయారా?"

మర్చిపోయాను.