ఇల్లు విడిచే వేళ ఇద్దరు గురువులు

మలేషియాలో మన ఇరుగుపొరుగు చీనా కుటుంబాలవారు ఏటా ఏప్రిల్ ఆరంభంలో చింగ్‌మింగ్ నాడు తమ పెద్దల సమాధులను శుభ్రపరచి నైవేద్యాలు సమర్పించడం మనం ఎరిగినదే. కన్‌ఫ్యూషియస్ (క్రీ.పూ. 551–479) బోధలో మాతాపితృభక్తి సర్వధర్మాలకు మూలం. తల్లిదండ్రులు జీవించి ఉండగా దూరదేశం పోరాదనీ, పోక తప్పనినాడు గమ్యం నిశ్చితమై ఉండాలనీ ఆయన ఉపదేశం.

గౌతముడు దుఃఖనివృత్తి మార్గం వెదకుతూ ఇల్లే విడిచాడు. ఇద్దరి దారులూ పరస్పర విరుద్ధాలని తోస్తుంది. అయితే వినయపిటకంలో ఒక ఘట్టం ఉంది. మనుమడు రాహులుడు కూడా ప్రవ్రజ్య స్వీకరించగా శుద్ధోదనుడు తల్లడిల్లాడు. తల్లిదండ్రుల అనుమతి లేనిదే ఏ బిడ్డకూ దీక్ష ఇవ్వవద్దని కోరాడు. బుద్ధుడు తండ్రి కోరికను మన్నించి, దానిని సంఘనియమం చేశాడు.

తోటపనికి ఓడ ఎక్కివచ్చిన మన పూర్వులలో కన్నవారిని మరల చూడలేకపోయినవారు ఎందరో! నేడు మన పిల్లలు సింగపూరుకూ ఆస్ట్రేలియాకూ తరలిపోతున్నారు. శుద్ధోదనుని స్థానంలో ఇప్పుడు మనమున్నాము. వారిని నిలుపుట ధర్మం కాదు, నిలుపలేము కూడా. అడిగి బయలుదేరడం, ఉన్నచోటు తెలుపుతూ ఉండడం వారికి నేర్పుదాము. అడిగిననాడు మనసారా అనుమతించడం మనమూ నేర్చుకుందాము.