వేడినీటి ధార ఎక్కడ ఆగినది?

ధ్యాన భాగములు: ప్రకటన 3:14–22, ఆదికాండము 26:15–22, యెహెజ్కేలు 36:26

వంటగదిలోని మిక్సర్ కుళాయికి మూతి ఒక్కటే. అయితే దాని వెనుక మార్గములు రెండు. ఒకటి చల్లని నీటిని, మరియొకటి గీజరునుండి వేడినీటిని తెచ్చును. కొంతకాలము వాడిన పిమ్మట అనేక గృహములలో ఒక సంగతి కనబడును. మీటను చల్లని వైపునకు త్రిప్పినప్పుడు ధార నిండుగా వచ్చును. వేడి వైపునకు త్రిప్పినప్పుడు నూలుపోగువలె సన్నగిల్లును. గీజరు దీపము వెలుగుచునే యుండును, లోపల నీరు కాగుచునే యుండును. అయినను జిడ్డుగిన్నె కడుగుకొనుటకు చాలినంత వేడినీరు చేతికందదు.

విశ్వాసి జీవితములోను ఇట్టి దినములు కలవు. సంఘపు లెక్కలు సరిగా వ్రాయబడుచుండును, కమిటీలు కూడుచుండును, ఆదివారపు క్రమము తప్పదు. ఆ వైపు ధార నిండుగానే యున్నది. అయితే మంచముపట్టిన సహోదరుని గడప త్రొక్కి ఎన్ని మాసములైనదో జ్ఞాపకమురాదు. ఇంటిలో వృద్ధురాలైన తల్లితో మాటాడు మాటలలో కర్తవ్యమున్నది గాని వెచ్చదనము లేదు.

లవొదికయ సంఘమునకు వ్రాయబడిన పత్రికలో ప్రభువు ఈ సంగతిని గూర్చియే మాటలాడెను. ఆ పట్టణము నేటి టర్కీ దేశములో దెనిజ్లి నగర సమీపమున నుండెను. క్రీ.శ. 60లో భూకంపముచేత పడిపోయినను, పరుల సహాయము లేకుండ తన ధనముతోనే తిరిగి కట్టుకొనెనని రోమా చరిత్రకారుడైన టాసిటస్ వ్రాసెను. ఉత్తరమున నున్న హియెరాపొలి వేడి ఊటలకు ప్రసిద్ధి. కొలొస్సయి చల్లని నీటికి పేరు. లవొదికయకైతే రాతిగొట్టముల ద్వారా దూరమునుండి నీరు రావలసియుండెను. ఆ గొట్టములు నేటికిని శిథిలములలో కనబడుచున్నవి. వాటి లోపలి ప్రక్కల సున్నపురాయి దట్టముగా పేరుకొని యున్నది.

గ్రీకు మూలములో ఇచ్చట మూడు మాటలున్నవి: జెస్తోస్, ప్సుఖ్రోస్, ఖ్లియారోస్. వేడినీరు స్వస్థతకును, చల్లని నీరు సేదదీర్చుటకును పనికివచ్చును. నులివెచ్చనిది దేనికిని పనికిరాదు అని 1958లో రడ్విక్, గ్రీన్ అను పండితులు వివరించిరి. అందరును ఈ వివరణను అంగీకరింపకపోయినను, ఒక సంగతి స్పష్టము: జెస్తోస్ అను మాట మరుగుట అను క్రియనుండి పుట్టినది. రోమా 12:11లో ఆత్మయందలి తీవ్రతను తెలుపుటకు పౌలు వాడినది ఆ క్రియనే. కాబట్టి సంఘముయొద్ద కోరబడినది మరుగుచున్న హృదయము.

మొదటిది: లోపమెక్కడనున్నదో విచారింపవలెను

నేర్పుగల పనివాడు పానా చేతబట్టుటకు ముందు మూడు పరీక్షలు చేయును. చల్లని నీరు నిండుగా వచ్చుచున్న యెడల మూతియందును దాని చివరి జల్లెడయందును లోపము లేదు. ఆ మూతి రెంటికిని ఒక్కటే గదా! రెండు ధారలును సన్నగిల్లినప్పుడే ఆ జల్లెడను విప్పి చూడవలెను. రెండవదిగా, స్నానపుగదిలోని వేడినీటి కుళాయిని త్రిప్పి చూచును. అచ్చటను ధార సన్నగానే యున్న యెడల లోపము గీజరునందో దాని గొట్టమునందో కలదు; అచ్చట నిండుగా వచ్చిన యెడల గీజరు నిర్దోషి. మూడవదిగా, సింకు క్రిందనున్న యాంగిల్ కాక్ పూర్తిగా తెరువబడియున్నదో లేదో చూచును.

మనుష్యులు ఈ క్రమమును తలక్రిందులు చేయుదురు. ఆత్మీయముగా చల్లారినవాడు మొట్టమొదట దేవునినే అనుమానించును: ఆయన మునుపటివలె లేడనును. అయితే అదే సంఘములో, అదే వాక్యమును విని, ప్రక్కనున్న బీదవిధవ నిండుగా ఆదరణ పొందుచున్నది. యెహోవా హస్తము కురుచ కాలేదనియు, అడ్డము మనుష్యుని వైపుననే యున్నదనియు యెషయా 59వ అధ్యాయారంభము బోధించుచున్నది. గీజరు మార్చినంతమాత్రమున మూసిన కాక్ తెరుచుకొనదు. క్రొత్త ఉజ్జీవకూటములకు పరుగెత్తినంతమాత్రమున పాత అడ్డము తొలగదు.

ఆ కాక్‌ను ఎవరో ఒకనాడు మరమ్మతు నిమిత్తము మూసియుందురు. ఆ దినమున మూయుట అవసరమే. పని ముగిసిన తరువాత సగమే తెరచి మరచిపోయిరి. గాయపడిన దినమున హృదయమును మూసికొన్న వారును అనేకులు. కలహము తీరి పది సంవత్సరములైనది. మూసినది మాత్రము ఇంకను సగమే తెరువబడియున్నది. లవొదికయవారి తలుపునొద్ద ప్రభువు నిలిచి తట్టుచుండెను, తెరువవలసినవారు లోపలివారే.

రెండవది: వేడియే కాఠిన్యమును బయలుపరచును

వేడినీటి మార్గమే ఎందుకు పూడుకొనవలెను? బోరుబావి నీటిలో సాధారణముగా కాల్షియం, మెగ్నీషియం లవణములు కరిగియుండును. అట్టి నీటికి కఠినజలమని పేరు. త్రాగునీటి మొత్తము కాఠిన్యము లీటరునకు 200 మిల్లీగ్రాములు మించకుండుట మంచిదనియు, వేరు ఆధారము లేనప్పుడు 600 వరకు సహింపవచ్చుననియు 2012 నాటి భారత ప్రమాణము తెలుపుచున్నది. చల్లగా నున్నంతకాలము ఆ లవణములు కంటికి కనబడవు. నీరు కాగినప్పుడు కరిగియున్న కాల్షియం బైకార్బొనేట్ విడిపోయి సున్నపురాయిగా మారును. అది గీజరులో పొరలుగా కట్టి, పెచ్చులుగా ఊడి, నీటితో కొట్టుకొనివచ్చి, కుళాయిలోని ఇరుకు రంధ్రములలో చిక్కుకొనును.

ఇందులో గొప్ప హెచ్చరికయు, గొప్ప ఆదరణయు కలవు. శ్రమయను వేడి తగులువరకు ఎవని హృదయకాఠిన్యమును బయటపడదు. కాబట్టి చల్లని దినములలోని నెమ్మదిని చూచి ఎవడును అతిశయింపరాదు. మరియొక సంగతి: పూడుకొన్నది వేడిని మోసిన మార్గమే. మరణశయ్యలయొద్ద రాత్రులు గడపిన కాపరి, రోగియైన భర్తకు ఏండ్ల తరబడి పరిచర్యచేసిన భార్య, ఎండలోను వానలోను సువార్తను మోసిన బైబిలు స్త్రీ—వీరిలోనే ఒకనాడు ప్రేమ సన్నగిల్లినట్లు కనబడవచ్చును. ఎన్నడును వేడిని మోయనివాడు వీరిని చూచి తీర్పు తీర్చకుండును గాక. వారికి కావలసినది నింద కాదు, శుద్ధి.

మూడవది: రాయి కరుగవలెను గాని మార్గము పగులరాదు

పనివాడు మొదట గీజరు స్విచ్చి ఆపి నీటిని చల్లారనిచ్చును. రెండు కాక్‌లను మూసి, మీటనెత్తి, లోపలి ఒత్తిడిని విడిచిపెట్టును. ప్రవాహము ఆగనిదే మరమ్మతు సాగదు. తిరిగివచ్చిన శిష్యులను ప్రభువు ఏకాంతమునకు పిలిచినది (మార్కు 6:31) ఇందుకే గదా! తరువాత అతడు వేడినీటి గొట్టమును విప్పి బకెట్టులో నుంచి, కాక్‌ను కొంచెము తెరచును. బకెట్టులోనికి ధార నిండుగా పడిన యెడల అడ్డము కుళాయిలోనే కలదు. అప్పుడు మీటక్రింది కార్ట్రిడ్జిని వెలికితీయును. దానిలో రెండు పింగాణీ బిళ్లలు ఒకదానిపై నొకటి జరుగుచు నీటిని విడుచును. వాటిని సూదితో గీకరాదు. గీత పడిన యెడల కారును. ఘాటైన ఆమ్లము పోయరాదు, మెరుగు చెడును. తెలుగు బైబిలులో చిరకయని పిలువబడిన వెనిగర్‌లో రంధ్రములు మునుగునట్లు కొన్ని గంటలుంచిన యెడల, సున్నము బుడగలు విడుచుచు కరుగును. తిరిగి బిగించుటకు ముందు గొట్టములోని పెచ్చులను బకెట్టులోనికి పారనీయవలెను. లేనియెడల అవే తిరిగి అడ్డుపడును.

ఫిలిష్తీయులు మన్నుపోసి పూడ్చిన తన తండ్రి బావులను ఇస్సాకు శపింపలేదు; మన్ను తీసి, వాటికి పూర్వపు పేళ్లే పెట్టెను. సన్నగిల్లిన సహోదరునియెడల సంఘము చేయవలసినది ఇదియే. కఠినమైన మాటతో గీకినవారు గీతను మాత్రమే మిగిల్చిరి. ప్రార్థనతోను ఓర్పుతోను కనిపెట్టినవారు రాయి కరుగుట చూచిరి.

అయితే బిళ్లలు అరిగిపోయిన యెడల ఎంత నానబెట్టినను ప్రయోజనము లేదు. అదే కొలతగల క్రొత్త కార్ట్రిడ్జిని అమర్చవలెను. అట్లే కడుగుటవలన బాగుపడని హృదయమునకు దేవుడు మరియొక వాగ్దానమిచ్చెను: రాతిగుండెను తీసివేసి మాంసపుగుండె నిచ్చుట ఆయన క్రియయే. ఆ క్రొత్త హృదయము పొందినవాడును కఠినజలమున్న లోకములోనే జీవించును గనుక, అనుదినము పరీక్షించుకొనుట మానరాదు.

మంచముపట్టిన ఆ సహోదరుడు ఇంకను ఎదురుచూచుచున్నాడు. వృద్ధురాలైన ఆ తల్లి ఇంకను వినుచున్నది. చదువరి ఈ దినముననే సింకు క్రిందికి వంగి, సగము మూసినదానిని తెరచును గాక. కాగుచున్న ప్రేమ దేవునియొద్ద ఎన్నడును తరుగలేదు. దానికి త్రోవ నిచ్చు కృపను ప్రభువు తన సంఘమునకు దయచేయును గాక. ఆమేన్.