నర్సు చదువు - సమరీయుని రెండు దీనారాలు

(లూకా 10:25-37, 14:28-30)



ఇంటర్ ఫలితాలు వెలువడిన తరువాత మన విచారణలలో చాలా ఇళ్ళలో ఒకే మాట వినిపిస్తుంది. "అమ్మాయి నర్సింగ్ చదువుతానంటున్నది. ఫీజు ఎక్కడి నుండి తెస్తాము?" జ్ఞానాపురంలో ఇదే మాట. మల్కాపురంలో, కంచరపాలెంలో, గాజువాకలో ఇదే మాట. పోర్టులో కళాసీగా చేసే తండ్రికి, ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు పని చేసే తండ్రికి, నాలుగిళ్ళలో పాచిపని చేసే తల్లికి ఈ ప్రశ్న నిద్ర పట్టనివ్వదు. ఉక్కు కర్మాగారాన్ని అమ్మివేయాలని 2021లో కేంద్రం నిర్ణయించిన నాటి నుండి ఆ కార్మికుల ఇళ్ళలో రేపటి మీద నమ్మకం సన్నగిల్లింది. 2025లో 11,440 కోట్ల రూపాయల సహాయం ప్రకటించారు. అయినా ఆ యేడే కాంట్రాక్టు కార్మికులు ఎందరో పని పోగొట్టుకున్నారు. అటువంటి ఇంటిలోని తల్లి గుడికి వచ్చి, మరియతల్లి స్వరూపం ముందు క్రొవ్వొత్తి వెలిగించి, ఎవరితోనూ చెప్పుకోకుండా వెళ్ళిపోతుంది. డబ్బు సంగతి గుడిలో మాట్లాడేది కాదని మనకొక అలవాటు.

ప్రభువుకు ఆ అలవాటు లేదు. పోగొట్టుకున్న నాణెం గురించి చెప్పారు. కూలివారి దినవేతనం గురించి చెప్పారు. కానుక పెట్టెలో విధవరాలు వేసిన రెండు కాసులను చూచారు. మంచి సమరీయుని కథలో కూడ డబ్బు ఉన్నది. మనం ఆ కథలోని దయను గుర్తుంచుకొని, ఖర్చును మరచిపోయాము.

ఒక్కసారి లెక్క చూడండి. దొంగలు కొట్టి పడవేసిన మనిషి గాయాల మీద సమరీయుడు నూనె, ద్రాక్షరసం పోసి కట్టు కట్టాడు. ఆ రెండూ అతడు కొన్నవే. తన వాహనం మీద ఎక్కించుకొని తాను నడిచాడు. సత్రంలో ఆ రాత్రి దగ్గరుండి చూచుకున్నాడు. మరునాడు సత్రపు యజమాని చేతిలో రెండు దీనారాలు పెట్టాడు. మత్తయి సువార్త 20వ అధ్యాయం ప్రకారం ఒక దీనారం ఒక రోజు కూలి. అంటే రెండు రోజుల కూలి డబ్బు. అంతటితో ఆగక, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని మాట ఇచ్చాడు. కట్టు కట్టిన చేయి, డబ్బు చెల్లించిన చేయి, పూచీ పడిన నోరు, ఈ మూడూ కలిస్తేనే ఆ మనిషి బ్రతికాడు.

ఈనాడు కట్టు కట్టే చేయి కావాలని మన అమ్మాయి ముందుకు వస్తున్నది. మరి డబ్బు చెల్లించే చేయి ఎవరిది? పూచీ పడే నోరు ఎవరిది?

మన మేత్రాసన చరిత్రను చూడండి. పునీత ఫ్రాన్సిస్ ద సేల్స్ సభ గురువులు 1846లో విశాఖపట్నం చేరారు. 1849లో అనేసీ పట్టణపు పునీత జోజప్పగారి కన్యస్త్రీలు వచ్చారు. బడులు పెట్టారు, రోగులను, అనాథలను చేరదీశారు. గుంటూరుకు 1920లో ఆస్ట్రేలియా నుండి డాక్టర్ మేరీ గ్లౌరీ వచ్చారు. జె.ఎం.జె. సభలో చేరి, కన్యస్త్రీగా ఉంటూనే వైద్యం చేశారు. మన తెలుగు ఆడపిల్లలకు మందులు కలపడం, పురుళ్ళు పోయడం, రోగులకు సేవ చేయడం నేర్పారు. నేటి కథోలిక ఆరోగ్య సంఘానికి 1943లో పునాది వేసినది ఆమెయే. ఇంతటి తల్లి తన చదువును స్కాలర్‌షిప్పుల ఆసరాతో పూర్తి చేసుకున్నారు. ఎవరో ఆమె ఫీజు కట్టారు, దాని ఫలం గుంటూరులోని పేద బాలింతకు అందింది. చదువుకు పెట్టిన డబ్బు ఎక్కడ మొలకెత్తుతుందో పెట్టినవారికి తెలియదు.

అలాగని కళ్ళు మూసుకొని అప్పు చేయమని చెప్పడం లేదు. గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చొని, పూర్తి చేయడానికి తనకు స్తోమత ఉన్నదో లేదో లెక్క వేసుకోవాలని ప్రభువే చెప్పారు. పునాది వేసి ఆగిపోతే చూచేవారు నవ్వుతారు. రెండవ సంవత్సరంలో ఫీజు కట్టలేక ఇంటికి తిరిగి వచ్చిన అమ్మాయి కన్నీరు ఆ నవ్వుకంటె చేదు. కాబట్టి లెక్క వేయడం అవిశ్వాసం కాదు, అది దైవాజ్ఞకు లోబడడమే.

ముందు దారులు తెలుసుకోండి. ఏ.ఎన్.ఎం. రెండేళ్ళు. జి.ఎన్.ఎం. మూడేళ్ళు. బి.ఎస్సి. నర్సింగ్ నాలుగేళ్ళు, దానికి ఇంటర్‌లో బైపీసీ ఉండాలి. జి.ఎన్.ఎం.కు ఇతర గ్రూపులవారు కూడ చేరవచ్చు. జి.ఎన్.ఎం. చదివి, ఉద్యోగంలో చేరి, తన జీతంతో పోస్ట్ బేసిక్ బి.ఎస్సి. చేసినవారు ఎందరో ఉన్నారు. నాలుగేళ్ళ భారం మోయలేని ఇంటికి ఇది చిన్నతనం కాదు, మెట్టు మెట్టుగా ఎక్కడమే. మొదట ప్రభుత్వ కళాశాలలో సీటుకు ప్రయత్నించండి. అక్కడ రాకపోతేనే ప్రైవేటు కళాశాల. ఏ కళాశాల అయినా నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉన్నదా, బి.ఎస్సి. అయితే ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం అనుబంధం ఉన్నదా అని చూచిన తరువాతే రూపాయి కట్టండి. ఊరికి వచ్చి సీటు ఇప్పిస్తామనే ఏజెంట్ల మాటమీద కట్టకండి.

తరువాత ఖర్చు మొత్తం కాగితం మీద వ్రాయండి. ట్యూషన్ ఫీజు ఒక్కటే కాదు. హాస్టలు, మెస్సు, యూనిఫారం, పుస్తకాలు, ఆసుపత్రికి తీసుకువెళ్ళే బస్సు, పరీక్ష ఫీజు అన్నీ వ్రాయండి. ఒక సంవత్సరానిది కాదు, చివరి సంవత్సరం వరకు వ్రాయండి. ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంటు మన రాష్ట్రంలో 2008 నుండి పేద పిల్లలను ఆదుకుంటూ వచ్చింది. కాని ఆ డబ్బు ఆలస్యమైన సంవత్సరాలు ఉన్నాయి. యాజమాన్య కోటా సీటుకు సాధారణంగా అది వర్తించదు. కనుక ఆ డబ్బు రావడం ఆలస్యమైతే ఏమి చేయాలో ముందే అనుకోండి.

ఇప్పుడు వడ్డీ సంగతి. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి లక్ష రూపాయలు తెస్తే, నెలకు మూడు వేలు, ఏడాదికి 36,000 రూపాయలు. నాలుగేళ్ళలో వడ్డీయే 1,44,000 రూపాయలు. అసలు లక్ష అలాగే ఉంటుంది. అదే లక్షకు బ్యాంకు వడ్డీ ఏడాదికి నూటికి పది రూపాయలు అనుకుంటే నాలుగేళ్ళకు సుమారు 40,000 రూపాయలు. గుర్తింపు ఉన్న నర్సింగ్ కోర్సులకు బ్యాంకులు విద్యారుణం ఇస్తాయి. నాలుగు లక్షల వరకు ఆస్తి హామీ అడగకూడదు. చదువు ముగిసిన ఏడాది తరువాతనే వాయిదాలు మొదలవుతాయి. బ్యాంకువారు కాదంటే, కారణం వ్రాసి ఇమ్మని మర్యాదగా అడగండి. పేదవానికి అప్పిచ్చి వడ్డీ పిండరాదని నిర్గమకాండం 22వ అధ్యాయం ఆజ్ఞాపిస్తున్నది. మన విచారణలోనే వడ్డీ వ్యాపారం చేస్తూ ముందు వరుసలో కూర్చునేవారు ఉంటే, వారు కూడ ఈ లెక్కను చదవాలి.

మరొక బాధ కూడ చెప్పుకోవాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వలన దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హక్కులు లేవు. మన రాష్ట్రంలో వారిని బి.సి.-సి గ్రూపులో చేర్చి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. ఒకే వాడలో, ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న ఇద్దరు అమ్మాయిలలో ఒకరికి దొరికే ఆసరా, జ్ఞానస్నానం పొందినందుకు రెండవ అమ్మాయికి దొరకదు. దీనిని ఎదిరిస్తూ మన శ్రీసభ ప్రతి ఏటా ఆగస్టు 10న నిరసన దినం పాటిస్తున్నది. న్యాయం ఎప్పుడు వస్తుందో, అంతవరకు ఆ లోటును పూడ్చవలసినది ఎవరు? ఆ అమ్మాయికి జ్ఞానస్నానం ఇచ్చిన సంఘమే గదా!

తల్లిదండ్రులారా, ఇంకొక మాట అడుగుతాను, కోపగించుకోకండి. డబ్బు నిజంగా లేదా, లేక అమ్మాయికి లేదా? అబ్బాయి ఇంజనీరింగ్‌కు స్థలం అమ్మినవారు, అమ్మాయి నర్సింగ్ అనేసరికి చేతులు ముడుచుకుంటారు. ఆడపిల్ల చదువు పొరుగింటి మొక్కకు నీళ్ళు పోయడమని మన పెద్దలు అనేవారు. అదే ఇంట్లో అమ్మాయి పెండ్లికని బంగారం ఉంటుంది, చీటీ నడుస్తూ ఉంటుంది. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 నుండి చట్టరీత్యా నేరం. అంతకంటె ముందు నుండే అది దేవుని ఎదుట నేరం. అల్లునికి ఇవ్వాలని దాచిన డబ్బును అమ్మాయి చేతిలో విద్యగా పెట్టండి. దానిని ఏ అత్తవారూ తిరిగి తీసుకోలేరు, ఏ దొంగా ఎత్తుకుపోలేడు. రాత్రి డ్యూటీ చేసే పిల్లకు సంబంధాలు రావని వెనుకాడుతున్నారా? 2020లో కరోనా వచ్చినప్పుడు మన వారిని కన్నబిడ్డలు కూడ ముట్టుకోలేని గదులలో, రాత్రింబగళ్ళు ముట్టుకున్నది ఆ నర్సులే.

అయితే అమ్మాయిని ఇంటి అప్పులు తీర్చే యంత్రంగా చూడకండి. "నిన్ను చదివించాము, ఇక తమ్ముని చదువు, ఇంటి అప్పు, అన్నీ నీవే" అని ఆ మెడ మీద కాడి మోపకండి. విదేశాలలో జీతాలు ఎక్కువని విని, రక్తం చూస్తే కళ్ళు తిరిగే పిల్లను బలవంతంగా పంపకండి. ముందు ఆమెను అడగండి. రోగి దుర్వాసనను, కోపాన్ని, మరణాన్ని భరించే మనసు ఉన్నదా అని అడగండి. ఉన్నదంటే అది దేవుని పిలుపు. పనివాడు జీతానికి అర్హుడని ప్రభువే చెప్పారు కనుక, ఆమె మంచి జీతం కోరుకోవడం కూడ తప్పు కాదు.

ఇక విచారణ సంగతి. సమరీయుడు గాయపడినవాని బంధువు కాడు, అయినా పూచీ పడ్డాడు. మనం ఏమి చేయగలము? పునీత విన్సెంట్ ద పాల్ సంఘం బియ్యంతో పాటు ఒక అమ్మాయి పరీక్ష ఫీజును తన లెక్కలో చేర్చుకోవచ్చు. విచారణ పండుగకు బాణసంచా, మైకుసెట్టు సగం తగ్గించి ఆ డబ్బును చదువు నిధిగా మార్చవచ్చు. పోర్టులో, బ్యాంకులో, రైల్వేలో చేసి రిటైరైన పెద్దలు ఆదివారం పూజ తరువాత ఒక గంట కూర్చొని దరఖాస్తులు నింపి పెట్టవచ్చు, బ్యాంకుకు తోడు వెళ్ళవచ్చు. వారికి రూపాయి ఖర్చు లేదు, కాని చదువురాని తండ్రికి అదే కొండంత బలం.

మన విచారణల నుండి వెళ్ళి నగరంలోనో, హైదరాబాదులోనో, గల్ఫ్‌లోనో స్థిరపడిన నర్సు చెల్లెళ్ళారా, మీతోనూ ఒక మాట. తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని సమరీయుడు చెప్పాడు. మీకు ఒకప్పుడు ఎవరో కట్టిన ఫీజును వారికి తిరిగి ఇవ్వలేకపోవచ్చు. మీ తరువాత వచ్చే ఒక్క అమ్మాయికి ఇవ్వండి. ఆమె ఉద్యోగంలో చేరాక మరొక అమ్మాయికి ఇస్తుంది. వడ్డీ లేని, కాగితం లేని ఈ అప్పు ఒక్కసారి మొదలైతే మన గుడిలో ఎన్నటికీ తీరకుండా ఉండుగాక.

ఒక జాగ్రత్త. సహాయం పొందిన పిల్ల పేరు పీఠం ముందు ప్రకటించవద్దు, ఫొటో తీసి పంచవద్దు. కుడిచేతి దానం ఎడమచేతికి తెలియరాదని ప్రభువు చెప్పినది ఇటువంటి పిల్లల ముఖం చిన్నబోకుండా ఉండటానికే.

ఈ ఆదివారం సాయంత్రం జపమాల చెప్పుకున్న తరువాత, అమ్మాయిని కూడ పక్కన కూర్చోబెట్టుకొని ఒక కాగితం తీయండి. ఖర్చు ఒక వైపు, చేతిలో ఉన్నది ఒక వైపు వ్రాయండి. మధ్యలో మిగిలిన లోటును దాచుకోకండి. ఆ కాగితంతో మీ విచారణ గురువు వద్దకు రండి. లోటు లేని ఇంటివారు కూడ రండి, మీ రెండు దీనారాలతో. నర్సులకు పాలక పునీతుడైన కమిల్లుస్ గారు మన బిడ్డల కొరకు ప్రార్థించుదురు గాక. ఆమెన్.