డబ్బు ఎటునుంచి వస్తోందిరా అల్లుడూ?

ఒరేయ్ అల్లుడూ,

నువ్వేదో కంపెనీలో ఐడీ వేయించుకుంటానంటున్నావట. ముప్పై వేలు సర్దమని మీ అమ్మనడిగావట. "చెయిన్ బిజినెస్సట తమ్ముడూ, మంచిదేనా?" అని అక్క పొద్దున్నే ఫోన్ చేసింది. పేరు విని మంచీచెడ్డా చెప్పడం నావల్ల కాదన్నాను. చదువుకున్నవాడివి, నీకైతే వివరంగా చెప్పొచ్చు.

నెట్‌వర్క్ మార్కెటింగ్ అంతా మోసమేనని నేననను. సబ్బో, పొడో తెచ్చి నలుగురికి అమ్ముతావు, నీ లాభం నీకు మిగులుతుంది. నీ కింద చేరినవాళ్లు అమ్మినదాంట్లోనూ కొంత వస్తుంది. ఇందులో తప్పేం లేదు. దీనికి కేంద్రం 2016లో మార్గదర్శకాలిచ్చింది, 2021 డిసెంబరులో వినియోగదారుల రక్షణ చట్టం కింద నిబంధనలే తెచ్చింది. చేరినందుకు రుసుము గుంజకూడదు. మనిషిని చేర్పించినందుకే కమీషన్ ఇవ్వకూడదు. అమ్ముడుపోని సరుకు వెనక్కి తీసుకోవాలి. మనసు మారితే జరిమానా లేకుండా బయటపడేందుకు కొంత గడువివ్వాలి. మరి నీ ముప్పై వేలు ఏ ఖాతాలోకి వెళ్తున్నాయో వాళ్లనడుగు.

గొలుసుకట్టు పథకంలోనూ వస్తువు ఉంటుంది, కాకపోతే పేరుకే. గడియారమో, టూర్ ప్యాకేజీయో, ఎవరూ తెరిచి చూడని ఆన్‌లైన్ కోర్సో. వెనక వచ్చినవాడు కట్టిన డబ్బే ముందు వచ్చినవాడి చెక్కు. కంపెనీలో చేరే ఉద్దేశం బొత్తిగా లేని మీ పక్కింటి పిన్నిగారు అదే ధర పెట్టి ఆ వస్తువు కొంటుందా? కొని, అయిపోయాక మళ్లీ అడుగుతుందా? అడిగితే అది వ్యాపారం. కొనేవాళ్లంతా ఐడీ ఉన్నవాళ్లే అయితే ఆ డబ్బు మీలో మీరు తిప్పుకుంటున్నదే.

"ఆరుగురిని చేర్పిస్తే చాలు, వాళ్లు తలా ఆరుగుర్ని తెస్తారు" అంటారు కదా. కాగితం తీసి గుణించు. ఆరు, ముప్పై ఆరు, రెండొందల పదహారు... తొమ్మిదో మెట్టుకి కోటి దాటుతుంది, పదో మెట్టులో ఆరు కోట్లు. పదకొండో మెట్టుకి ముప్పై ఆరు కోట్ల మంది కావాలి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం ఎనిమిదిన్నర కోట్ల లోపే! అక్కడిదాకా వెళ్లకముందే గొలుసు తెగుతుందనుకో. తెగిన రోజున అందరికంటే ఎక్కువమంది ఉండేది చివరి వరసలోనే, వాళ్ల కిందేమో ఎవరూ ఉండరు.

అసలు వ్యాపారానికీ గొలుసుకట్టుకీ మధ్య గీత కోర్టులకూ తేలిగ్గా దొరకలేదు. ఆమ్వే అనే కంపెనీ కథే చూడు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1979లో అది పిరమిడ్, అంటే గొలుసుకట్టు పథకం, కాదంది. సరుకు వెనక్కి తీసుకునే పద్ధతి, కొన్నదాంట్లో ఎక్కువభాగం అమ్మితీరాలన్న నియమం, నెలనెలా బయటి కొనుగోలుదార్లకు అమ్మినట్టు చూపించాలన్న షరతు ఉన్నాయని లెక్కలోకి తీసుకుంది. ఆదాయాన్ని గోరంతలు కొండంతలు చేసి చెబుతున్నారని అదే తీర్పులో మొట్టికాయా వేసింది. అదే కంపెనీ పథకాన్ని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లో పరిశీలించి, 1978 నాటి ప్రైజ్ చిట్లు, నగదు చలామణీ పథకాల నిషేధ చట్టం కిందికే వస్తుందంది. అంత పేరున్న కంపెనీకే ఇలా అయితే, నిన్నగాక మొన్న మాదాపూర్‌లో హాలు అద్దెకు తీసుకున్నవాళ్ల మాటేమిటి?

ఆ 1978 చట్టంలో నీకు వాళ్లు చెప్పని సంగతొకటుంది. అది పథకం నడిపేవాణ్ణే కాదు, అందులో సభ్యుడిగా చేరేవాణ్ణీ తప్పుపడుతుంది. మూడేళ్ల దాకా జైలు. "మా పైనున్న అప్‌లైన్ చెప్పమంటేనే చెప్పాను సార్" అంటే స్టేషన్లో వినరు.

సరే, నీ కంపెనీ సక్రమమైనదే అనుకుందాం. అయినా సక్రమం వేరు, లాభం వేరు. పెట్రోలు, మీటింగు టికెట్లు, నెలనెలా నువ్వే కొనుక్కునే సరుకు, అన్నీ తీసేసి చేతికెంత మిగులుతుందో పై వాణ్ణి అడుగు. కారు పక్కన నిలబడ్డ ఫొటో చూపిస్తే వద్దను, బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించమను. "నెగటివ్ మనుషులకు దూరంగా ఉండు" అని మొదటిరోజే నేర్పుతారట. వాళ్ల దృష్టిలో ఆ నెగటివ్ మనిషిని నేనే, ఒప్పుకుంటాను! కానీ లెక్క అడిగినవాణ్ణి శత్రువుగా చూపించే చోట లెక్కలో ఏదో ఉందనే నా అనుమానం.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది వాళ్లు రాయించే వందమంది పేర్ల లిస్టు. అందులో ఉండేది నీ స్నేహితులు, బంధువులు. డబ్బు పోతే నువ్వు మళ్లీ సంపాదించుకోగలవు. నీ మాట నమ్మి అప్పుచేసి కట్టిన బాబాయి కొడుకు పెళ్లిలో ఎదురుపడితే ఏ మొహంతో పలకరిస్తావు?

ఆదివారం భోజనానికి రా. వాళ్లిచ్చిన ప్లాను కాగితం, ధరల పట్టీ తెచ్చుకో, అవే వస్తువులు మన వీధి కొట్లో ఎంతకొస్తాయో పక్కపక్కన రాసి చూద్దాం. అప్పటిదాకా ఎవరికీ ఒక్క రూపాయి కట్టకు. మీ అత్తయ్యకి ఇదేమీ చెప్పలేదు. లిస్టులో ఆవిడ పేరు మూడోదట కదా?

మీ మావయ్య