రాతి సాక్ష్యం

పరాయి పాలకులు తమ ఘనతను చాటుకోవడానికి కట్టించిన భవనాన్ని స్వతంత్ర దేశం ఎందుకు కాపాడాలి? ముంబయిలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ ఎదుట నిలిచిన వారికి ఈ ప్రశ్న కలగడం సహజం. 1878లో మొదలై పదేళ్లకు పూర్తయిన ఈ రైల్వేస్టేషనుకు రూపకల్పన చేసినవాడు ఫ్రెడరిక్ విలియం స్టీవెన్స్. తొలుత విక్టోరియా మహారాణి పేరుతో వెలసిన ఈ కట్టడానికి 1996లో శివాజీ పేరు వచ్చింది. 2004లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ప్రవేశద్వారపు స్తంభాలపై ఒకవైపు సింహం, మరొకవైపు పులి ఆసీనమై ఉన్నాయి. సింహం బ్రిటన్‌కు, పులి భారతదేశానికి ప్రతీకలు. స్తంభాలలో కనిపించే ఆ సమానత్వం పాలనలో ఏనాడూ లేదు. రాయి పలికినది అసత్యమే. అయినా సాక్షిని తొలగించినంత మాత్రాన సత్యం వెల్లడి కాదు. విచారణకే అవకాశం పోతుంది.

అదీగాక, ఈ భవనాన్ని అలంకరించిన శిల్పాలలో అనేకం సర్ జంషెట్‌జీ జీజీభాయ్ కళాపాఠశాల విద్యార్థులు, స్థానిక పనివారు మలచినవి. కట్టడం కూలినా పాలకుల పేర్లు చరిత్ర గ్రంథాలలో మిగులుతాయి. పేరు తెలియని శిల్పికి మిగిలినది ఆ పనితనమొక్కటే.

కనుక పరిరక్షణ ప్రశంస కాదు, రుణవిముక్తి. అలాగని స్టేషనును ప్రజలకు దూరం చేసి ప్రదర్శనశాలగా మార్చడమూ న్యాయం కాదు. నిత్యం లక్షలాది ప్రయాణికులు నడిచే చోట కొత్త అవసరాలకు తావివ్వక తప్పదు. అయితే ఏ రాయిని కదిలించినా, అది ఎవరి శ్రమఫలమో ముందుగా విచారించడం బాధ్యులైన వారి ధర్మం.