గృహశౌచము – అహింస

ఇల్లు శుభ్రముగా నుండవలెను. ఏ ప్రాణికిని బాధ కలుగరాదు. శ్రావకుని గృహములో ఈ రెండు నియమములును తరతరములుగా కలసియే యున్నవి. అయినను వంటయింటి మూలను తడిగుడ్డ పెట్టు సమయమున ఇవి ఒకదాని నొకటి అడ్డగించునట్లు కనబడును. నేల కడిగినచో చీమలు కొట్టుకొనిపోవును. కడుగకున్నచో కొద్ది దినములలోనే వాటి సంఖ్య పదింతలగును. కొందరు శుభ్రత కొరకు కొంత హింస తప్పదని సమాధానపడి అంగడిలో దొరకు ఘాటైన మందులు తెచ్చి పోయుదురు. మరికొందరు హింసకు భయపడి మూలలను ముట్టకయే విడిచెదరు. ఈ రెండింటికి నడుమ శ్రావకునకు తగిన మార్గము కలదా యనునది ఆలోచింపదగిన విషయము.

శ్రావకాచారమును బోధించు పెద్దలు హింసను నాలుగు విధములుగా విభజించి చెప్పుదురు. తెలిసి, కోరి చేయునది సంకల్పీ హింస. వంట, ఊడ్పు, కడుగుట మొదలైన గృహకృత్యములలో జరుగునది ఆరంభీ హింస. జీవనోపాధిలో జరుగునది ఉద్యోగీ హింస. ఆత్మరక్షణలో జరుగునది విరోధీ హింస. గృహస్థునకు మొదటిది పూర్తిగా నిషిద్ధము. తక్కినవి వీలైనంత తగ్గించుకొనవలసినవి. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రములో హింసను నిర్వచించునపుడు ప్రాణము పోవుటను మాత్రమే చెప్పి ఊరకొనలేదు. ప్రమాదమును, అనగా అజాగ్రత్తతో కూడిన ప్రవృత్తిని, దానికి మూలముగా నిలిపెను. కనుక ఒకే నేలను ఇద్దరు తుడిచినను ఇద్దరి కర్మయు ఒకటి కాదు. మెత్తని చీపురుతో చీమలను ప్రక్కకు తొలగించి పిమ్మట తడిగుడ్డ పెట్టినవారు ఆరంభీ హింసను కనీసమునకు తెచ్చినవారు. చీమలబారును చూచి, దాని మీదనే మందు చల్లినవారు సంకల్పములోనికి అడుగిడినవారు.

ఈ భేదమును బోధించుటకు శాస్త్రము వరకు పోనక్కరలేదు. మునుల చేతిలోని ఉపకరణమే చాలును. దిగంబర ముని చేతిలో నెమలియీకల పింఛిక యుండును. శ్వేతాంబర సాధువు వద్ద ఉన్నిదారముల రజోహరణ ముండును. రెండును ఊడ్చు సాధనములే. సర్వమును త్యజించినవారు కూడ ఊడ్చు సాధనమును త్యజింపలేదు. కూర్చుండు చోటును, వస్తువు నుంచు చోటును చూచి, అచటి ప్రాణిని నొప్పింపక తొలగించుటయే దాని పని. జైనమార్గములో శుభ్రతకు మొదటి అర్థము ఇదియే.

ఇంటికి ఈ సూత్రమును అన్వయించినచో, మురికిని పోగొట్టుటకంటె ముందు మురికి చేరకుండ చూచుట ప్రధానమగును. రాత్రి భోజనము మానిన గృహమున ఎంగిలి పాత్రలు తెల్లవారువరకు నానుచు నుండవు. తడి లేనిచోట బూజు పుట్టదు. తునకలు లేనిచోట బొద్దింక నిలువదు. పొయ్యి గట్టును సాయంకాలమే పొడిగా తుడుచుట, పప్పుడబ్బాలకు గట్టి మూతలు పెట్టుట, గుడ్డలను ఎండలో ఆరవేయుట – ఇవి పుట్టబోవు జీవములను చంపవలసిన అవసరమునే తప్పించును. మురికిని పెరుగనిచ్చి, పిదప మందుతో చంపు ఇంటిలో హింస రెండింతలగును.

ఇక సీసాల విషయము. మరుగుదొడ్డి కడుగుటకు అమ్ము ద్రావకములలో పెక్కింటియందు హైడ్రోక్లోరిక్ ఆమ్లము ఉండును. తెల్లబరచు ద్రవములలో సోడియం హైపోక్లోరైట్ ఉండును. ఈ రెండును కలిసినచో క్లోరిన్ వాయువు వెలువడి ఊపిరితిత్తులను దెబ్బతీయును. అమ్మోనియాతో కలిసినను విషవాయువే పుట్టును. ఇరుకైన స్నానపుగదిలో తలుపు మూసి కడుగువారికి ఇది ప్రాణాపాయము. అయితే కడుగువారు ఎవరు? పెక్కు ఇండ్లలో సీసా కొనువారు ఒకరు, దానిని చేత పట్టువారు వేరొకరు. పనిమనిషి చేతులు పగులుచున్నను, ఆమె దగ్గుచున్నను, ఆ వాసన ముందుగదిలోని వారిని చేరదు. నీటిని వడకట్టి త్రాగు ఇంటిలో, చీమను తప్పించి అడుగువేయు ఇంటిలో, మనస్సుగల పంచేంద్రియ జీవి ప్రతిదినము ఆమ్లపు ఆవిరిని పీల్చుచున్నచో ఆ ఇంటి అహింస ఎక్కడ ఆగిపోయినది? ఏకేంద్రియముల లెక్క చూచువారు ఈ లెక్కను ముందు చూడవలసియున్నది.

ఇట్టి ద్రావకములు లేకయే ఇల్లు శుభ్రపడునా యని సందేహింప నక్కరలేదు. నిత్యకృత్యములకు కావలసినవి వంటయింటిలోను, పచారీ అంగడిలోను ఉన్నవే. పదునైదు కుంకుడుకాయలను గింజలు తీసి, లీటరు నీటిలో రాత్రి నానవేసి, మరునాడు ఇరువది నిమిషములు మరిగించి వడకట్టినచో నేలకును, గిన్నెలకును, పట్టుబట్టలకును పనికివచ్చు రసము సిద్ధమగును. కాయలోని సాపోనిన్ అను పదార్థము జిడ్డును నీటిలో విడదీయును. ఇత్తడి, రాగి పాత్రలకు చింతపండు చాలును. అందలి టార్టారిక్ ఆమ్లము లోహముపై పట్టిన చిలుమును కరగించును. జిడ్డు పట్టిన పొయ్యిగట్టుకు లీటరు వేడినీటిలో రెండు చెంచాల బట్టల సోడా కలిపి తుడిచినచో జిడ్డు వదలును. చేతికి తొడుగు వేసికొనుట మంచిది. అల్యూమినియం పాత్రలకు మాత్రము సోడా తగదు. అది లోహమును తినివేయును. ఉప్పునీటి వలన కుళాయిల మీదను, మరుగుదొడ్డిలోను కట్టిన తెల్లని గారకు అరలీటరు నీటిలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కరగించి పోసి, అరగంట విడిచి రుద్దిన చాలును.

ఆ గార కాల్షియం కార్బొనేట్. పులుపు దానిని కరగించును. పాలరాయియు అదే పదార్థము. కడపరాయి, తాండూరు రాయి, షాబాదు రాయి – ఇవన్నియు సున్నపురాతి జాతులే. కుళాయి మీది గారను పోగొట్టిన పులుపే మందిరపు పాలరాతి నేలను మసకబరచి గరుకు చేయును. పాలరాతికి, నాపరాతికి కుంకుడు రసము గాని, ఉత్త నీరు గాని వాడవలెను. అట్లే వెనిగరును, వంటసోడాను కలిపి నురుగు రాగానే గొప్ప మందు తయారైనదని భ్రమపడుట కలదు. ఆమ్లము, క్షారము ఒకదాని శక్తి నొకటి పోగొట్టుకొనిన పిదప మిగులునది చాలవరకు నీరు, కొంత లవణము. వేరువేరుగా వాడినపుడే ఆ రెంటికిని బలము.

ఇంతవరకు అందరికిని సమ్మతమే. శ్రావకునకు మాత్రము మరియొక ప్రశ్న మిగులును: మనుష్యునకు హాని లేనిది సర్వజీవులకును హాని లేనిదగునా? నేడు పెక్కుమంది నిమ్మ, బత్తాయి తొక్కలు మూడు పాళ్లు, బెల్లము ఒక పాలు, నీరు పది పాళ్లు కలిపి మూడు నెలలు పులియబెట్టి, ఆ ద్రవముతో నేల తుడుచుచున్నారు. విషము లేనిదను పేరు దానికి కలదు. కాని పులియుట యనగా సూక్ష్మజీవులు లెక్కకు మిక్కిలిగా పెరుగుట. నిలువ ఊరగాయనే విడిచిన కుటుంబము, ఇంటిలో సీసాలకొలది జీవములను పెంచి, పిదప నేలపై పోసి తుడుచుట ఎట్లు సమ్మతించును? సహజమైన వెనిగరును పులియుట వలననే పుట్టును. నిమ్మ ఉప్పును కూడ కర్మాగారములలో చాలవరకు ఒకజాతి బూజు సహాయముననే తయారుచేయుదురు. కనుక ఈ విషయమున నిష్ఠ కలవారు అప్పటికప్పుడు పిండిన నిమ్మరసముతోను, చింతపండుతోను పని గడుపుకొనవచ్చును. కుంకుడు రసమును కూడ నాలుగు దినముల కెక్కువ నిలువ చేయరాదు, అదియు పులియును.

ఆ కుంకుడుకాయయైనను నిర్దోషి కాదు. పూర్వము కొన్ని ప్రాంతములలో ఇట్టి కాయలను నీటిలో నలిపి చేపలను మైకపరచి పట్టెడివారు. ఆ రసము చెరువులో కలిసినచో జలచరములకు హాని. ఉత్సర్గ సమితి విడుచు పదార్థమును జీవరహితమైన చోట చూచి విడువుమని మునులకు విధించినది. గృహస్థుడు దాని ననుసరించి కడిగిన నీటిని చెరువునకు, బావిగట్టునకు చేరనీయక తగిన చోట విడువవలెను. అనేకాంత దృష్టి కలవారు ఏ వస్తువునైనను మంచిదని, చెడ్డదని ఒక్క మాటలో తేల్చివేయరు. ఎంత, ఎచట, ఎవరి చేత, ఎవరిమీద అను ప్రశ్నలకు సమాధానము చెప్పిన తరువాతనే ఆ మాట చెల్లును.

రోగము వచ్చినపుడు ఏమి చేయవలెను? శుభ్రపరచుట వేరు, క్రిములను నశింపజేయుట వేరు. చింతపండుకు, కుంకుడుకు రెండవ శక్తి కలదని నమ్మి అంటురోగపు ఇంటిలో ఊరకుండుట అవివేకము. 2020లో కోవిడ్ వ్యాపించినపుడు, ఆ వైరస్ చుట్టునున్న కొవ్వు పొరను మామూలు సబ్బే విచ్ఛిన్నము చేయునని వైద్యులు చెప్పిరి. రోగి తాకిన తలములకు 0.1 శాతము హైపోక్లోరైట్ ద్రవమును ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించెను. అట్టి సమయమున దానిని వాడుట పసిబిడ్డను, వృద్ధులను కాపాడుట కొరకు. విరోధీ హింసకు గల మినహాయింపు వంటిదే దీనికిని వర్తించును. అయితే మురికి ఉన్న తలముపై ఆ ద్రవము చాలవరకు వ్యర్థమగును. ముందు సబ్బుతో కడిగిన చోటనే కొద్దిపాటి ద్రవము పనిచేయును. నిత్యము శుభ్రముగా నున్న ఇంటికి అవసరమైనపుడు కూడ కొంచెమే చాలును. అవసరము తీరిన తరువాతను ప్రతిదినము అదే పోయుట అనర్థదండము. ప్రయోజనము లేని హింస యని దానికి పేరు.

వర్తక కుటుంబములకు ఈ ప్రశ్న ఇంటితో ముగియదు. అంగడి వరకు వచ్చును. సమంతభద్రాచార్యుడు రత్నకరండ శ్రావకాచారములో అనర్థదండముల నడుమ హింసాదానమును, అనగా హింసకు సాధనమగు వస్తువును పరులకిచ్చుటను, లెక్కించెను. శ్వేతాంబర సంప్రదాయమున చెప్పబడు పదునైదు కర్మాదానములలో విషవాణిజ్యము ఒకటి. ఇంటిలో కుంకుడు రసము, అంగడిలో ఆమ్లపు సీసాల వరుస – ఈ రెంటిని ఒకే కుటుంబము ఎట్లు సమన్వయించును? 2013లో సుప్రీంకోర్టు ఆమ్లము అమ్మకముపై కట్టుబాట్లు విధించెను. కొనువాని పేరు, చిరునామా, కారణము పుస్తకములో వ్రాయవలెననియు, ప్రభుత్వమిచ్చిన గుర్తింపు పత్రము చూడవలెననియు, 18 సంవత్సరములు నిండనివారికి అమ్మరాదనియు ఆదేశించెను. స్త్రీల ముఖములపై ఆమ్లము చల్లిన దుర్మార్గములే ఆ తీర్పునకు కారణము. దేశపు న్యాయస్థానము ఇంత చెప్పవలసిరాక ముందే, విషవాణిజ్యమును నిషేధించిన సంప్రదాయమువారు ఆ సీసాను తమ అరనుండి తీసివేసి యుండవలసినది. పుస్తకము వ్రాయుట చట్టమునకు చాలవచ్చును, వ్రతమునకు చాలదు.

అట్లని లాభము విడిచి అంగడి మూసికొనుమని ఎవ్వరును చెప్పరు. కుంకుడుకాయలు, శీకాయ, సోడా, నూనెసబ్బు, కొబ్బరిపీచు, మంచి చీపురులు అమ్మి బ్రతుకవచ్చును. సబ్బు కట్టపై సోడియం టాలోయేట్ అని యున్నచో అది జంతువుల కొవ్వుతో చేసినదని గ్రహించి, ఆ సరకును అడిగినవారికి చెప్పుటయు వర్తకుని విధియే. అన్నింటిని మించి, ఏదో రసాయనమునకు ఆకుపచ్చ చీటీ అంటించి ప్రకృతిసిద్ధమని అమ్మరాదు. ఒక వస్తువును మరియొకటిగా చూపి అమ్ముటను తత్త్వార్థసూత్రము అస్తేయ వ్రతమునకు అతిచారముగా, తప్పుడు తూకములతో కలిపి లెక్కించినది.

దశలక్షణ ధర్మములలో శౌచ మొకటి. ఆ మాట వినగానే స్నానము, కడుగుట తలపునకు వచ్చును. కాని అచట శౌచమునకు అర్థము లోభము లేకుండుట. ఈ అర్థము గృహశుభ్రతకు దూరమైనది కాదు. అద్దమువలె మెరయవలెనను ఆశ, శ్రమ లేకుండ క్షణములో కావలెనను ఆశ, ఇతరుల చేతులతో చవకగా కావలెనను ఆశ – సీసాలోని ఘాటు ఈ ఆశలనుండియే వచ్చుచున్నది. ఆశ తగ్గినచో మందు తగ్గును. నేల కొంచెము తక్కువ మెరసినను, దానిని తుడిచిన చేయి చెడకున్నచో, ఆ నీరు పోయినచోట చేప బ్రతికియున్నచో, ఆ ఇల్లు శుచియైనదని చెప్పుటకు సందేహింప నక్కరలేదు.